పది ఫైనళ్ళు ఓడిన ఊరు

క్లెర్మాన్-ఫెరాన్ నల్లని ఊరు. ఫ్రాన్స్ నడిమధ్యన, ఆరిపోయిన అగ్నిపర్వతాల వరుస పక్కన ఉంది. పెద్ద చర్చి గోపురాలు, పాత ఇళ్ళ గోడలు, వీధి అరుగులు చాలావరకు ముదురు రంగు లావా రాయితో కట్టినవే. రగ్బీ మ్యాచ్ ఉన్న రోజున ఆ నల్లని వీధుల్లోంచి పసుపు జెర్సీలు, పసుపు మఫ్లర్లు వేసుకున్న జనం వేల సంఖ్యలో మోన్‌ఫెరాన్ పేట వైపు నడుస్తారు. తాతలు, మనవలు, నర్సులు, బస్సు డ్రైవర్లు, పొరుగు పల్లెల రైతులు అందరూ ఉంటారు.

మా అమ్మాయి ఇక్కడి యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. తనకి తోడుగా ఉందామని వచ్చాను. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. కొత్త ఊరు కనిపిస్తే దాని పుట్టుపూర్వోత్తరాలు కనుక్కోకుండా ఉండలేను. ఈ ఊళ్ళో ఎవరిని కదిలించినా మాట రెండు చోట్లకి వెళుతుంది. ఒకటి మిషెలిన్ టైర్ల ఫ్యాక్టరీ, రెండోది ఏ.ఎస్.ఎం. రగ్బీ క్లబ్బు. రెండూ ఒకే కుటుంబం చేతిలో పుట్టాయి.

ఈ ఊరికి రబ్బరు వచ్చిన కథ కూడా ఆటతోనే మొదలవుతుంది. రబ్బరును గుడ్డకి పట్టించి వానకోటు తయారుచేసిన చార్లెస్ మాకింటోష్ మేనకోడలు ఎలిజబెత్ ఇక్కడి దోబ్రే కుటుంబానికి కోడలిగా వచ్చింది. పిల్లలు ఆడుకోవడానికి ఆమె రబ్బరు బంతులు చేసి ఇచ్చేదట. ఇంట్లో మొదలైన ఆ పని ఫ్యాక్టరీకి ఎక్కింది. ఆ ఫ్యాక్టరీయే వారసత్వంగా ఆంద్రే, ఎద్వార్ మిషెలిన్ అనే అన్నదమ్ములకి దక్కింది. 1889లో వాళ్ళు దానికి తమ ఇంటిపేరు పెట్టారు. 1891లో సైకిలు చక్రం నుంచి సులువుగా ఊడదీసి మళ్ళీ బిగించగల టైరు తెచ్చారు. 1898లో టైర్లు పేర్చినట్టుండే బొద్దు మనిషి బొమ్మ పోస్టర్ల మీదికి ఎక్కింది. బిబెండమ్ అనే ఆ బొమ్మ పేరు మీదనే ఫ్యాక్టరీ కార్మికుల్ని ఊరివాళ్ళు ఇప్పటికీ బిబ్‌లు అంటారు.

1911 మార్చి 7న పారిస్ దగ్గర బయలుదేరిన ఒక విమానం ఈ ఊరి పెద్ద చర్చిని చుట్టి, పక్కనే ఉన్న 1,465 మీటర్ల పుయి ద దోమ్ కొండ నెత్తిన దిగింది. నడిపినవాడు యూజెన్ రెనో. పక్కన మనిషిని కూర్చోబెట్టుకుని ఆరు గంటల్లోపు ఆ ప్రయాణం పూర్తి చేసినవాడికి లక్ష ఫ్రాంకులిస్తామని మిషెలిన్ సోదరులు 1908లోనే ప్రకటించారు. అప్పుడు జరిగే పని కాదని చాలామంది కొట్టిపారేశారు. మూడేళ్ళలో జరిగింది. అదే 1911లో ఆంద్రే కొడుకు మార్సెల్ మిషెలిన్ ఫ్యాక్టరీ ఉద్యోగుల కోసం ఒక క్రీడాసంఘం స్థాపించి, దానికో మైదానం కూడా ఏర్పాటు చేశాడు. ఆ సంఘం పేరు అసోసియేషన్ స్పోర్టివ్ మిషెలిన్, పొట్టిగా ఏ.ఎస్.ఎం. కంపెనీ రంగులైన పసుపు, నీలమే జట్టు రంగులయ్యాయి.

క్లబ్బు పేరులో వ్యాపార సంస్థ పేరు ఉండరాదని క్రీడాధికారులు పట్టుబట్టడంతో 1922లో పేరు మార్చాల్సి వచ్చింది. మిషెలిన్ తీసేసి మోన్‌ఫెరాన్ పేరు పెట్టుకున్నారు. ఏ.ఎస్.ఎం. అనే మూడక్షరాలు అలాగే మిగిలాయి. ఆ మార్పు క్లబ్బుకు మేలే చేసిందని నా అభిప్రాయం. మోన్‌ఫెరాన్ ఒకప్పుడు క్లెర్మాన్‌తో పోటీపడిన విడి పట్టణం. 1630లో రాజాజ్ఞతో రెంటినీ కలిపేశారు. కలిపినా మోన్‌ఫెరాన్ వాళ్ళకి తమ ఊరనే పట్టుదల పోలేదు. కంపెనీ పేరు పోయి ఊరి పేరు వచ్చేసరికి ఆ పట్టుదలంతా జట్టు వెనక నిలబడింది.

రగ్బీ తెలియనివారి కోసం రెండు ముక్కలు. జట్టుకి పదిహేను మంది. బంతి కోలగా ఉంటుంది. దాన్ని పట్టుకుని ముందుకి పరుగెత్తవచ్చు, కాలితో తన్నవచ్చు. చేత్తో అందించాలంటే మాత్రం పక్కకో వెనక్కో అందించాలి, ముందుకి విసరకూడదు. అవతలివాళ్ళ గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే దాన్ని ట్రై అంటారు. ఫ్రాన్స్ ఛాంపియన్‌కి ఇచ్చేది కప్పు కాదు, బ్రెన్నస్ డాలు. చెక్కకి బిగించిన లోహపు పలక అది. 1892లో, తర్వాత ఒలింపిక్స్‌కి మళ్ళీ ప్రాణం పోసిన కూబెర్తాన్ ఆలోచనతో, శార్ల్ బ్రెన్నస్ పనితనంతో తయారైంది. మొదటి ఫైనల్‌కి రెఫరీగా నిలబడింది కూడా కూబెర్తానే. అభిమానులు ముద్దుగా దాన్ని చెక్కముక్క అంటారు. ఆ చెక్కముక్క కోసం మోన్‌ఫెరాన్ పడిన బాధ ఈ దేశంలో ఇంకే ఊరూ పడలేదు.

దానికి ముందు ఫ్యాక్టరీ గురించి మరికొంచెం చెప్పాలి. మిషెలిన్ తన కార్మికులకి ఇళ్ళు కట్టించింది, బళ్ళు పెట్టింది, ఆసుపత్రి పెట్టింది, దుకాణాలు తెరిచింది. కార్మికుల పేటలో కొన్ని వీధులకి మంచి గుణాల పేర్లు పెట్టారు. ధైర్యం వీధి, విశ్వాసం వీధి, మంచితనం వీధి అని. పుట్టింది కంపెనీ ప్రసూతి గదిలో, చదివింది కంపెనీ బడిలో, ఆడింది కంపెనీ మైదానంలో, పనిచేసింది కంపెనీ షెడ్డులో. ఇలాంటి బతుకు నాకు కొత్త కాదు. నేను పెరిగింది ఒక మిల్లు కాలనీలో. సైరన్‌తో నిద్రలేచేవాళ్ళం. మిల్లు బడిలో చదివాం, మిల్లు డాక్టరు రాసిన మందు తాగాం. నాన్నగారు రిటైరైన నెలకే క్వార్టరు ఖాళీ చేశాం. కంపెనీ ఇచ్చింది కంపెనీ తీసేసుకోగలదని అమ్మ ఆ రోజు వంటగిన్నెలు సర్దుతూ అంది. అందుకే మిషెలిన్ కుటుంబం దయ గురించి ఇక్కడివాళ్ళు చెప్పేటప్పుడు శ్రద్ధగా వింటాను గానీ పూర్తిగా ఒప్పుకోలేను. ఆ దయలో కార్మికుణ్ణి కట్టిపడేసే లెక్క కూడా ఉంది. మంచి ఆటగాణ్ణి ఊరికి రప్పించడానికి ఫ్యాక్టరీలో ఉద్యోగం చూపించడం ఆ లెక్కలో భాగమే. ఫ్రెంచి రగ్బీలో జీతాలు నిషిద్ధమని చెప్పుకున్న రోజుల్లో ఉద్యోగమే జీతం.

అయితే ఈ క్లబ్బు కంపెనీ ప్రకటన బొమ్మ మాత్రమేనని తేల్చేసేవాళ్ళతో కూడా నేను ఏకీభవించను. కంపెనీ ఇచ్చిన జట్టుని ఊరు తనదిగా చేసుకుంది. ఎలా చేసుకుందో తెలియాలంటే దాని ఓటముల్ని వరసగా చూడాలి.

1925లో జట్టు దేశపు మొదటి శ్రేణిలోకి ఎక్కింది. 1936లో మొదటి ఫైనల్. నార్బోన్ చేతిలో 6-3తో ఓడింది. మరుసటి ఏడాది మళ్ళీ ఫైనల్. ఈసారి వియెన్ అనే చిన్న ఊరి జట్టు 13-7తో ఓడించింది. 1938లో డ్యు మనుయార్ కప్పు గెలిచి కాస్త తేరుకున్నారు. ఆ తర్వాత యుద్ధం వచ్చింది.

జర్మన్ల ఆక్రమణలో ఫ్యాక్టరీ పనిచేస్తూనే ఉంది. టైర్లు సైన్యానికి కావాలి కనుక బ్రిటిష్ విమానాలు 1944 మార్చిలో కాటరూ షెడ్ల మీద బాంబులు వేశాయి. కాటరూ అంటే స్టేడియానికి దగ్గర్లో ఇప్పటికీ కనిపించే, టైర్లు పరీక్షించే ఎత్తైన కాంక్రీటు దారులున్న చోటు. ఆ బాంబులు పడేనాటికి క్లబ్బు పెట్టిన మార్సెల్ మిషెలిన్ ఊళ్ళో లేడు. నాజీలకి వ్యతిరేకంగా రహస్యోద్యమంలో చేరినందుకు 1943 జులైలో అతన్ని గెస్టపో పట్టుకుపోయింది. బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరానికి పంపారు. 1945 జనవరిలో, దాని అనుబంధ శిబిరం ఓర్డ్రుఫ్‌లో చనిపోయాడు. అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. మరో మూడు నెలలకి ఆ శిబిరం అమెరికన్ సైన్యం చేతికొచ్చింది.

స్టేడియానికి ఆయన పేరే ఉంది, మార్సెల్ మిషెలిన్ క్రీడాస్థలి అని. కోటీశ్వరుల ఇంట పుట్టినవాడు, తల వంచుకుని తన పని తాను చూసుకుని ఉంటే హాయిగా బతికేవాడు. కంపెనీ కట్టిన వేటినైనా అనుమానంగా చూసే నాకు ఈ మనిషి దగ్గర మాత్రం చేతులు జోడించాలనిపిస్తుంది. స్టేడియాల పేర్లు ఏటేటా అమ్ముడుపోయే కాలంలో ఇక్కడివాళ్ళు ఈ పేరు జోలికి పోలేదు.

యుద్ధం తర్వాత చాలా ఏళ్ళు ఫైనల్ ముఖం చూడలేదు. 1970లో చూశారు. ఎదుటి జట్టు లా వూల్త్. రోన్ నది ఒడ్డున ఐదారువేల జనాభా ఉన్న పట్టణం అది. ట్రైకి మూడు పాయింట్లే ఇచ్చే రోజులు. మ్యాచ్ మొత్తానికి ఒకే ఒక ట్రై, స్కోరు 3-0. అంత పెద్ద ఫ్యాక్టరీ ఊరు ఆ ఒక్క ట్రైకి ఓడిపోయింది. 1978లో బెజియె చేతిలో 31-9. అది మాత్రం ఓడినందుకు సిగ్గుపడాల్సిన ఆట కాదు. 1971 నుంచి 1984 లోపు బెజియె పదిసార్లు డాలు గెలిచింది, దాని ముందు నిలిచినవాళ్ళే తక్కువ. ఆ కాలపు మోన్‌ఫెరాన్‌లో జాన్-పియెర్ రొమ్యూ ఉన్నాడు. 1977లో ఫ్రాన్స్ ఐదు దేశాల పోటీలో అదే పదిహేను మందితో నాలుగు మ్యాచ్‌లూ ఆడి, అన్నీ నెగ్గి గ్రాండ్ స్లామ్ గెలిచినప్పుడు పదో నంబరు జెర్సీ అతనిదే. దేశానికి అన్నీ గెలిచి క్లబ్బుకు డాలు తేలేకపోవడం అతనితో ఆగలేదు. 1994 మే నెలలో తులూజ్ 22-16తో మోన్‌ఫెరాన్‌ని ఓడించింది. మోన్‌ఫెరాన్ వింగ్ ఆటగాడు ఫిలిప్ సాంతాంద్రే ఐదు వారాలు దాటగానే ఆక్లాండ్‌లో ఫ్రాన్స్ కెప్టెన్‌గా న్యూజిలాండ్ మీద సిరీస్ గెలిచాడు. చివరి నిమిషాల్లో తమ గీత దగ్గర్నుంచి చేతులు మారుతూ మైదానం ఆ చివరికి చేరిన ట్రైకి మొదటి పరుగు తీసింది అతనే. రగ్బీ ప్రేమికులు ఆ ట్రైని ఇప్పటికీ తలుచుకుంటారు.

1999 సంవత్సరం ఈ ఊరికి విచిత్రమైనది. ఫిబ్రవరిలో యూరప్ రెండో స్థాయి కప్పు గెలిచింది. మే నెలలో ఫైనల్లో మళ్ళీ తులూజే, 15-11తో మళ్ళీ ఓటమే. సెప్టెంబరులో కంపెనీ ఒక పక్క లాభాలు పెరిగాయని చెబుతూ అదే ఊపిరిలో యూరప్‌లో 7,500 ఉద్యోగాలు తీసేస్తామని ప్రకటించింది. దేశమంతా గగ్గోలు పుట్టింది, ప్రధాని దాకా మాట్లాడాల్సి వచ్చింది. 1980ల మొదట్లో ఈ ఊళ్ళో దాదాపు 30,000 మందికి పనిచ్చిన ఫ్యాక్టరీ అప్పటికే సగానికి మించి తగ్గుతూ వచ్చింది. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఉంది. ఉద్యోగాలు పోయాయి, స్టేడియం మాత్రం ఖాళీ కాలేదు. తండ్రి బిబ్, కొడుకు బిబ్ కాడు, ఇద్దరూ ఒకే వరసలో పక్కపక్కన కూర్చుంటారు. 1960లలో, 70లలో పోర్చుగల్ నుంచి టైర్ల పనికొచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలూ అక్కడే ఉంటారు. కంపెనీ చెయ్యి వదిలినా జట్టు చెయ్యి వదలలేదు. నేను పెరిగిన కాలనీకి ఇలాంటి జట్టు ఒకటి ఉండి ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

2001లో మరో ఫైనల్. తులూజే, 34-22. 2004లో పేరు ఏ.ఎస్.ఎం. క్లెర్మాన్ ఒవెర్న్యగా మారింది. 2006లో న్యూజిలాండ్ నుంచి వెర్న్ కాటర్ కోచ్‌గా వచ్చాడు. ముభావి, మాట తక్కువ, పని ఎక్కువ. జట్టు దేశంలోకెల్లా గట్టి జట్లలో ఒకటైంది. అసలు పరీక్ష అక్కడే మొదలైంది. 2007 ఫైనల్లో స్తాద్ ఫ్రాన్సే చివరి నిమిషాల్లో ముందుకెళ్ళి 23-18తో గెలిచింది. 2008లో తులూజ్, 26-20. 2009లో పెర్పిన్యాన్, 22-13. మూడేళ్ళు వరసగా మూడు ఫైనళ్ళు, మూడు ఓటములు. మొత్తం పది. ఊరి మధ్యలో జోద్ అనే పెద్ద కూడలి ఉంది. అక్కడ రోమన్లని ఎదిరించిన గాల్ వీరుడు వెర్సింజెటోరిక్స్ గుర్రం మీద దూసుకుపోతున్న విగ్రహం. చెక్కింది న్యూయార్కు స్వేచ్ఛా విగ్రహం చేసిన బార్తోల్డీయే. ఆ కూడలిలో పెద్ద తెర కట్టి ఫైనల్ చూపిస్తారు. ఏటేటా జనం పసుపు బట్టలతో వచ్చారు, ఏటేటా ఏడ్చుకుంటూ ఇళ్ళకి వెళ్ళారు. మరుసటి ఏడాది ఇంకా ఎక్కువమంది వచ్చారు.

వాళ్ళ బాధంతా ఒక్క మనిషిలో చూడాలంటే ఒరెల్యాన్ రూజ్రీని చూడాలి. ఈ ఊరి పక్కనే పుట్టాడు. తండ్రి జాక్ ఇదే క్లబ్బుకు ముందు వరసలో ప్రాప్‌గా ఆడినవాడు, డాలు అందకుండానే బూట్లు విప్పాడు. కొడుకు 1999లో మొదటి జట్టులోకి వచ్చాడు. ఆరడుగులు దాటిన మనిషి, ఫ్రాన్స్ జట్టులో వింగ్, పెద్ద క్లబ్బులన్నీ తలుపు తట్టే వయసు. ఎక్కడికీ పోలేదు. 2018లో ఆట మానేదాకా ఇక్కడే ఉన్నాడు.

2010 మే 29న, పారిస్ శివారు స్తాద్ ద ఫ్రాన్స్‌లో, అదే పెర్పిన్యాన్ మీద పదకొండో ఫైనల్. ఫిజీ నుంచి వచ్చిన నపోలియోని నలాగా ట్రై చేశాడు, కుర్రవాడు మోర్గన్ పారా కాలితో పాయింట్లు పేర్చాడు. స్కోరు 19-6. క్లబ్బు పుట్టిన తొంభై తొమ్మిదో ఏట డాలు మోన్‌ఫెరాన్‌కి వచ్చింది. జోద్ కూడలిలో ఆ రాత్రి వేలమంది తెల్లవార్లూ ఉన్నారు. అప్పటికి డెబ్భై, ఎనభై ఏళ్ళున్నవాళ్ళు, 1936 ఓటమిని తండ్రుల నోట విన్నవాళ్ళు, ఆ డాలుని చేత్తో తాకడానికి వరసలో నిలబడ్డారని ఇక్కడివాళ్ళు చెబుతుంటే వాళ్ళ గొంతు ఇప్పటికీ పూడుకుపోతుంది.

ఆ తర్వాతి ఏళ్ళలో సొంత మైదానంలో ఈ జట్టుని కొట్టడం అసాధ్యమైంది. 2009 చివర నుంచి 2014 మే దాకా వరసగా 77 మ్యాచ్‌లు ఇక్కడ ఓడలేదు. చివరికి కాస్త్ర్ జట్టు 22-16తో ఆ వరస తెంపింది. బయట మాత్రం పాత శని వదల్లేదు. యూరప్ పెద్ద కప్పు ఫైనల్‌కి మూడుసార్లు వెళ్ళి మూడుసార్లూ ఓడారు. 2013లో డబ్లిన్‌లో తులోన్ మీద 15-6తో ముందుండి 16-15తో ఓడిపోవడం అన్నిటికంటే నొప్పి పుట్టించింది. 2015లో లండన్‌లో మళ్ళీ తులోనే. అదే ఏడు దేశపు ఫైనల్ కూడా పోయింది. 2017 మేలో ఎడిన్‌బరోలో సారసెన్స్ చేతిలో ఓడి వచ్చి, మూడు వారాలకి పారిస్‌లో తులోన్‌ని 22-16తో ఓడించి రెండో డాలు తెచ్చారు.

ఫిజీ గురించి ఒక్క మాట. అక్కడి నద్రోగా ప్రాంతంలో క్లబ్బు కుర్రాళ్ళకి శిక్షణ ఇప్పించి కొందరిని ఇక్కడికి తెస్తోంది. అలా వచ్చిన అలివెరెతి రాకా 2019 ప్రపంచ కప్పులో ఫ్రాన్స్‌కే ఆడాడు. ఫిజీ పేరు వినగానే నాకు 1903 తర్వాత మద్రాసు రేవులో ఓడెక్కి అక్కడి చెరకు తోటలకి కూలికి వెళ్ళిన మన తెలుగువాళ్ళు గుర్తొస్తారు. ఇప్పుడు ఆ దీవుల నుంచి ఇంకో రకం ఒప్పందం మీద కుర్రాళ్ళు ఓడలు కాక విమానాలు ఎక్కుతున్నారు. పద్దెనిమిదేళ్ళవాణ్ణి సముద్రాలు దాటించి తెచ్చినప్పుడు అతని మోకాలు విరిగితే ఏమవుతాడన్న ప్రశ్నకి ఫ్రెంచి క్లబ్బులన్నీ జవాబు చెప్పాలి. ఈ క్లబ్బు కూడా వాటిలో ఒకటే.

2017 తర్వాత మంచి రోజులు తగ్గాయి. 2019లో లా రోషెల్ మీద యూరప్ రెండో కప్పు మూడోసారి గెలవడం తప్ప చెప్పుకోదగ్గ గెలుపు లేదు. పారిస్, తులూజ్, బోర్దో క్లబ్బుల డబ్బుతో పోటీ కష్టమైంది. 2023 జనవరిలో క్రిస్టోఫ్ యురియోస్ కోచ్‌గా వచ్చాడు. ఈ తరంలో క్లబ్బు అధ్యక్షులుగా వచ్చినవాళ్ళు కూడా మిషెలిన్‌లో పనిచేసినవాళ్ళే, కంపెనీ సొమ్ము ఇంకా వెనక ఉంది. ఆ సొమ్ము ఒకరోజు ఆగిపోతే ఏమిటన్న భయం ఇక్కడ లేకపోలేదు. కంపెనీ ఇప్పుడు మన సరిహద్దు దాటగానే తమిళనాడు తేర్వాయ్ కండిగైలో కూడా టైర్లు చేస్తోంది. దానికి చోట్లు చాలా ఉన్నాయి, ఊరికి జట్టు ఒక్కటే ఉంది.

ఆ రోజు వచ్చినా ఈ క్లబ్బు నిలబడుతుందని నా నమ్మకం. గెలిచిన డాళ్ళు లెక్కపెడితే దీనివి రెండే. అయితే 1925లో మొదటి శ్రేణిలోకి ఎక్కిన ఈ జట్టు ఆనాటి నుంచి ఈనాటి దాకా ఒక్క ఏడాది కూడా కిందికి దిగలేదు. పదకొండుసార్లు డాలు గెలిచిన బెజియె దిగింది, నార్బోన్ దిగింది, పెర్పిన్యాన్ దిగింది. మోన్‌ఫెరాన్ దిగలేదు.